బోర్లా పెట్టని కిరీటం

వెంకటరత్నం మొదటిసారి మా మేడమెట్లు ఎక్కి వచ్చినప్పుడు ఆయన చేతిలో రెండు అట్టముక్కలున్నాయి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నల్లదానిలో మామిడిపిందె ఆకారం ఒకటి అంచు చెదరకుండా తెగి ఊడివచ్చింది. తెల్లదాని మీద అదే ఆకారం లేత గోధుమరంగు గీతగా పడిందే గాని తెగలేదు.

"మాస్టారూ, మీరు కాలేజీలో ఫిజిక్స్ చెప్తారంట కదండీ," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "ఒకటే మిషను, ఒకటే మందం అట్ట. నల్లదాన్ని కత్తిలా కోసింది. తెల్లదాన్ని ఊరికే గోకి ఒదిలేసింది. ఏంటండీ దీని సంగతి? మనుషులకే అనుకున్నా, మిషన్లకి కూడా రంగు పట్టింపుందా?"

నేను బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్లి వస్తాను. ఆయన ఇల్లూ దుకాణమూ మా సందు చివర ఒకే రేకుల కప్పు కింద ఉన్నాయి. అప్పటికి ఏడాదిగా ఎదురుపడితే తల ఊపుకోవడమే గాని మాటల్లేవు. ఆయన అడిగినదానికి జవాబు చెప్పకుండా నేను మొదట అడిగింది వేరే.

"లేజర్ మిషనా? దానికి మూత ఉందా?"

మా జెన్నిఫర్‌కి అప్పుడు నాలుగేళ్లు. సందులో ఏ తలుపు తెరిచి ఉంటే ఆ తలుపులోకి దూరేది. చదువుకున్న చదువు నాకు చేసిన ఉపకారం అదే. ఏ వస్తువు చూసినా అది పిల్లని ఎన్ని రకాలుగా గాయపరచగలదో ముందు మనసులోకి వస్తుంది.

"మూతా లేదు, గీతా లేదు," అన్నాడాయన. "బల్ల మీద నాలుగు కడ్డీలు, మధ్యలో అగ్గిపెట్టెంత తలకాయ. అందులోంచి నీలం వెలుగు దిగుద్ది. నారింజ రంగు కళ్లద్దాలిచ్చారు. పెట్టుకుంటే లోకమంతా పులిహోరలా కనపడుద్ది."

అప్పుడు చూశాను ఆయన ఎడమ కంటిని. నల్లగుడ్డు మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర.

ఆయన చేసేది కిరీటాలు. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలు ఆడేవాళ్లకి కిరీటాలు, భుజకీర్తులు, నడికట్లు, చేతి గదలు. వాళ్ల నాన్నది కొలకలూరు. ఆయనా అదే పని చేశాడు. గట్టి అట్ట మీద నమూనా గీసి, చిన్న ఉలితో లతలన్నీ చిల్లులుగా కొట్టి, పైన బంగారు తగరం అంటించి, అద్దం బిళ్లలూ పూసలూ పొదగాలి. రాజు కిరీటం ఒక్కటి నాలుగు రోజుల పని. మంత్రిది రెండు రోజులు. ఇరవై రెండేళ్ల వయసులో అద్దం బిళ్లలు కోస్తుంటే ఒక పెచ్చు ఎగిరి వెంకటరత్నం ఎడమ కంట్లో పడింది. వారం రోజులు చుక్కల మందు వేసుకుంటూ పని చేశాడు. ఎవరికో మాటిచ్చిన కిరీటం ఉంది. అది ఇచ్చేసి గుంటూరు వెళ్లేసరికి ఇక చెయ్యడానికేమీ లేదన్నారు.

"రెండిచ్చిందే ఒకటి పోయినా పని ఆగకూడదని కదండీ," అనేవాడు ఆ సంగతి వచ్చినప్పుడు.

తర్వాత ముప్పై తొమ్మిదేళ్లు ఆయన బతుకు ఆ కుడికంటి మీద నడిచింది. భార్య లక్ష్మీతిరుపతమ్మ ఆ కంటిని ఇంట్లో ఉన్న పసిబిడ్డని సాకినట్టు సాకింది. వాళ్లకి పిల్లల్లేరు. ఆయన్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు బయటికి పొమ్మనేది. దీపావళికి మూడు రోజులు కిటికీలు కూడా తియ్యనిచ్చేది కాదు. సందులో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటే ఆయన ఇంట్లోకి వచ్చేదాకా బంతి చేతిలో పట్టుకుని నిలబడేదట. "ఆ కన్ను నాది, ఆయన పెట్టుకుని తిరుగుతున్నాడు," అని ఆవిడే నాతో నవ్వుతూ చెప్పింది.

అలాంటి ఇంట్లోకి లేజర్ మిషన్ రావడానికి కారణం ఆయన బొటనవేలు. అరవై దాటాక కీలు పట్టేసి ఉలి నిలిచేది కాదు. ఇంకో కారణం కొండలరావు. రేపల్లె మనిషి. హార్మోనియం వాయిస్తూ మొదలుపెట్టి నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరయ్యాడు. వెంకటరత్నం చేసేవాటిలో ముప్పాతిక వంతు ఆయన నాటక సమాజాలకే వెళ్లేవి. ఫోన్‌లో ఆయన గొంతు సందు మొత్తానికి వినపడేది.

"ఏంటి బావా, నీ కిరీటం వచ్చేలోపు మా రాజుకి జుట్టు ఊడిపోయేట్టుంది! విజయవాడలో అచ్చులు పోసి ఇస్తున్నారంట, పొద్దున చెప్తే సాయంత్రానికి. నీ మొహం చూసి ఆగుతున్నా."

స్టేషన్ రోడ్డులో తాళంచెవుల గుత్తుల మీద పేర్లు చెక్కే దుకాణం ఒకటి మూతపడింది. వాళ్ల మిషన్ ఈయన కొన్నాడు.

ఆ మొదటి రోజు నేను చెప్పింది చాలా చిన్న సంగతి. వెలుతురు తగిలినంత మాత్రాన ఏదీ కాలదు. వస్తువు ఆ వెలుతురుని మింగాలి. మింగిందే వేడవుతుంది. నలుపు దాదాపు అంతా మింగుతుంది. తెలుపు వెనక్కి కొట్టేస్తుంది.

ఆయన రెండు ముక్కలనీ కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అంటే నలుపుకి ఆకలెక్కువ. తెలుపేమో మడి కట్టుకుంది, ముట్టుకోనివ్వదు."

ఇంతకన్నా బాగా నేను మా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలు ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన దుకాణానికి వెళ్లేవాణ్ణి. జెన్నీని తీసుకెళ్లేవాణ్ణి కాదు. ఉన్న రంగులన్నీ కాల్చి చూశాం. ఎర్ర ముఖమల్ గుడ్డ, మిషన్ తలకాయ గీత వెంబడి ఒక్క తిప్పు తిరిగేసరికి తెగింది. అంతే మందం నీలం ముఖమల్ మూడు తిప్పులకి కూడా పోగులు వదల్లేదు.

"అదేంటి మాస్టారూ, నీలం ముదురు రంగే కదా? మింగాలి కదా?"

"మన కంటికి ముదురు బాబాయ్. మిషన్ వెలుగు కూడా నీలమే. నీలం గుడ్డ నీలం వెలుగునే వెనక్కి పంపేస్తుంది. అందుకే మనకి నీలంగా కనపడేది."

"అయితే అయినవాళ్లని అయినవాళ్లు కొట్టరన్నమాట. మా ఇంట్లో ఎప్పుడూ అట్టా చూళ్లేదే!"

లోపలినుంచి తిరుపతమ్మ గొంతు: "మీ అన్నదమ్ముల భాగోతం మాస్టారికి చెప్పాలా ఇప్పుడు?"

నీళ్లలాంటి ప్లాస్టిక్ షీటు పెడితే వెలుగు దాన్ని పట్టించుకోకుండా దాటిపోయి కింద ఉన్న చెక్కని కాల్చింది. తెల్ల అట్టకి ఉపాయం ఆయనే కనిపెట్టాడు. గీత వెంబడి నల్లరంగు పూసి కోశాడు. తెగింది. ఎందుకు తెగిందో నేను చెప్పాను. మొదటి మచ్చ పడటమే కష్టం. ఒకసారి కమిలితే ఆ చోటు నల్లబడుతుంది, నల్లబడ్డచోటు ఇంకా మింగుతుంది, ఇక కాలడం దానంతటదే సాగుతుంది. ఆయన ఇవన్నీ గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాడు, తన భాషలో: నలుపు ఆకలి. ఎరుపు ఆకలి. నీలం చుట్టం. తెలుపు మడి. ప్లాస్టిక్ పరధ్యానం.

రెక్సిన్ మాత్రం ముట్టుకోవద్దని గదమాయించాను. నల్లగా ఉంటుంది, తేలిగ్గా తెగుతుంది, కాని ఆ పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. ఆయన ఎందుకని కూడా అడగలేదు. మరుసటి రోజే రెక్సిన్ చుట్ట తీసుకెళ్లి చెప్పులు కుట్టే ఆయనకి ఇచ్చేశాడు. గట్టిగా చెబితే వినే మనిషి.

ఆ రోజుల్లోనే నేను జెన్నీకి దాని తల కొలతకి సరిపోయే రక్షణ కళ్లద్దాలు తెప్పించాను. అది ఆ గదిలోకి అడుగు పెట్టేదే కాదు. అయినా పొరపాటున తలుపు తెరిచి ఉంటే, పరిగెత్తుకుంటూ వెళ్తే అని, రెండు జతలు తెప్పించాను. ఆయన పెట్టుకునేవి మిషన్‌తో వచ్చిన నాసిరకం ప్లాస్టిక్‌వి. ఒక చెవి దగ్గర విరిగితే దారం చుట్టి ఉండేది. ఎటు వంగినా జారేవి. వాటిని రోజూ చూశాను. ఇంకో జత తెప్పించాలని నాకు తోచలేదు.

మిషన్ వచ్చాక పని వేగం పెరిగింది. రాజు కిరీటం రెండు రోజులకి దిగింది. కొండలరావు అరుపులు తగ్గాయి. తర్వాత విజయవాడలో బంగారు తగరం ముందే అంటించిన అట్టలు దొరికాయి. తగరం అంటించే పూట పని కూడా తప్పింది. అవి మెరుస్తాయి కదా, ఎలా తెగుతున్నాయని నన్ను అడిగాడు. బంగారు తగరమంటే వెండిరంగు రేకు మీద పసుపు పూత. పసుపు ఈ నీలం వెలుగుని మింగుతుంది. ముందు పూత మాడుతుంది, ఆ మసి కిందికి దారి చూపిస్తుంది. మూడు నాలుగు తిప్పులకి తెగేది. పూత సరిగ్గా మాడకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. తెగుతోంది కదా అని ఊరుకున్నాను.

మరుసటి ఏడాది డిసెంబర్లో మా చర్చిలో ఆదివారపు బడి పిల్లలు క్రిస్మస్ నాటిక వేస్తున్నారు. అయిదేళ్ల జెన్నీ దేవదూత. బాలయేసుని చూడ్డానికి వచ్చే ముగ్గురు జ్ఞానులకీ బంగారు కిరీటాలు ఉన్నాయి, తనకి మాత్రం వెండిది కావాలని పట్టుపట్టింది. ఆ రోజు మిషన్ ఆపి ఉందని కనుక్కుని జెన్నీని దుకాణానికి తీసుకెళ్లాను.

"ఏంటి తల్లీ, దేవదూతవా? రెక్కలేవీ?" అన్నాడు వెంకటరత్నం.

"అమ్మ కుడుతోంది. నాకు వెండి కిరీటం కావాలి తాతయ్యా. బంగారం కాదు."

"నా జన్మలో వెండిది చెయ్యలేదే! మా రాజులంతా బంగారం తప్ప ముట్టరు. నీ కోసం చేస్తాలే. ఆదివారానికేగా?"

జెన్నీ తలకి నూలుదారం చుట్టి కొలత తీసుకున్నాడు. చెవుల పైన, నుదుటి మధ్య, వేలితో మెల్లగా నొక్కి చూశాడు. అప్పుడు చెప్పాను నేను.

"బాబాయ్, వెండి అట్టని పైవైపు నుంచి కొయ్యకండి. దాని మీద పసుపు పూత ఉండదు. అది అద్దంతో సమానం. బోర్లా తిప్పి పెట్టండి. వెనక మట్టిరంగు అట్ట కదా, అటునుంచి తేలిగ్గా తెగుతుంది. నమూనా కుడి ఎడమలు మారకుండా నేను తిప్పి ఇస్తాను."

ఆయన చేతిలో దారం ఆగిపోయింది.

"బోర్లానా?"

"అవును. మెరిసే వైపు కిందికి."

"మేం కిరీటాన్ని ఎన్నడూ బోర్లా పెట్టం మాస్టారూ," అన్నాడు గొంతు తగ్గించి. "అట్ట మీద నమూనా గీశాక అది కిరీటమే. ఇక దాని మొహం నేలకి చూపించం. వేషగాడు పోయినప్పుడు వాడి కిరీటాన్ని బోర్లిస్తారు, అప్పుడొక్కసారే. మా నాన్న అట్టా ముగ్గురివి బోర్లించాడు, నేను నలుగురివి. పసిపిల్ల కిరీటం తీసుకొచ్చి బోర్లా పడుకోబెట్టమంటారేంటండీ? మీకు నోరెట్టా వచ్చింది?"

ఆయనకి నిజంగా కోపం వచ్చింది. జెన్నీ తల మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు, నా నుంచి కాపాడుతున్నట్టు.

నేను చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. కోసేదాకా అది అట్టేనని చెప్పొచ్చు. అట్ట ఏ వైపు పడుకుందో దానికీ చావుకీ సంబంధం లేదని చెప్పొచ్చు. కనీసం, పాత పద్ధతిలో ఉత్త అట్టని కోసి తర్వాత వెండి తగరం అంటించమనైనా చెప్పొచ్చు. ఆయన ముప్పై తొమ్మిదేళ్లు చేసింది అదే కదా, ఒక పూట ఎక్కువ పట్టేది, అంతే. ఆ మాట నాకు తట్టలేదు. ఆ నెలలో జెన్నీకి రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది. ఆయన మాటతో నా కళ్లముందు కనపడింది లేజర్ కాదు. బోర్లించిన ఒక చిన్న కిరీటం కనపడింది. పదిహేనేళ్లు సైన్సు చదివినవాడికి, ఆ క్షణంలో, ఆ అట్ట వెల్లకిలానే ఉంటే బాగుండుననిపించింది.

"సరే బాబాయ్, మీ ఇష్టం," అన్నాను. "కళ్లద్దాలు మాత్రం తియ్యొద్దు."

"తియ్యన్లెండి."

గురువారం పొద్దున రెండో పీరియడ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. తిరుపతమ్మ.

"బాబూ, మీ బాబాయి నాతో మాట్లాడుతూ గోడని చూస్తున్నాడు. ఏంటయ్యా అంటే నువ్వు కనపట్లేదే అంటున్నాడు. నేను ఎదురుగానే ఉన్నా బాబూ."

ఆ రోజు ఏం జరిగిందో ఆయన చెప్పినదాన్నిబట్టి, తర్వాత ఆ అట్టని చూసినదాన్నిబట్టి నాకు అర్థమైంది. వెండి తెగలేదు. ఒక తిప్పు, రెండు తిప్పులు, అయిదు తిప్పులు. నారింజ కళ్లద్దాల్లోంచి నీలం చుక్క కనపడదు. అది కనపడకుండా చెయ్యడమే వాటి పని. అసలు మిషన్ వెలుగుతోందా, రేకు మీద ఏమైనా గీత పడుతోందా తెలియక, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి పక్కనుంచి వంగి చూశాడు. ఒక్క చూపు. రేకు చదునుగా ఉన్నంతసేపూ వెలుగు వచ్చిన దారినే పైకి పోయింది. కాని అన్ని తిప్పులకి కింద జిగురు వేడెక్కి, రేకు ఒకచోట బియ్యపుగింజంత పొంగింది. ఆ పొంగు ఆయన వైపు వాలి ఉంది.

"నొప్పేం లేదు మాస్టారూ," అన్నాడు గుంటూరు ఆసుపత్రి బెంచీ మీద. "ఎవరో దగ్గర్నుంచి ఫొటో తీసినట్టయింది. అంతే."

లోపల కుర్ర డాక్టరు కంప్యూటర్లో ఆయన కంటి లోపలి పొరని చూపించాడు. నారింజరంగు చంద్రుడిలా గుండ్రంగా ఉంది. సరిగ్గా చూపు నిలిచే చోట ఒక మచ్చ. వాపు తగ్గాక కాస్త మెరుగు కావచ్చు, మధ్యచూపు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. పక్కచూపు ఉంటుందట. కాళ్ల కింద గుంటలు తెలుస్తాయి, తలుపులు తెలుస్తాయి. సూది, పూస, అక్షరం, మొహం తెలియవు.

అది ఎందుకు కాలిందో డాక్టరు చెప్పక్కర్లేదు. కంటి అడుగున ఒక నల్లటి పొర ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుతురు అటూఇటూ చెదిరి చూపుని పాడుచెయ్యకుండా ఆ పొర మింగుతుంది. మనకి స్పష్టంగా కనపడేది అందుకే. నల్లగా ఉంది కాబట్టే అది కాలింది. ఆ గోడ మీద పెన్సిలుతో రాసిన మొదటి మాట గుర్తొచ్చి నేను బయటికి వచ్చేశాను.

ఆయన బెంచీ మీద నా వైపు తిరిగి అన్నాడు: "మీ మొహం చుట్టూ గోడ కనపడుతోంది మాస్టారూ. గోడకి తగిలించిన బొమ్మ కూడా కనపడుతోంది. మీరే లేరు."

తిరుపతమ్మ నన్ను నడవా చివరికి పిలిచింది. ఏడవడం లేదు.

"వెనక్కి తిప్పి కొయ్యాలని మీకు ముందే తెలుసంట. నిజమేనా బాబూ?"

"నిజమే పిన్నీ. చెప్పాను. బాబాయి వద్దన్నాడు."

"రెక్సిన్ ముట్టుకోవద్దని మీరు ఒక్క కేకేస్తే మళ్లీ దాని జోలికి పోలా. దీనికెందుకు కేకెయ్యలా?"

నేను బెంచీ మీద ఉన్న బాబాయి వైపు చూశాను.

"మీ పిల్లని మాత్రం ఆ గదిలో ఒక్క రోజు ఉండనిచ్చారా?" అంది. "దూరం నుంచే పిలుచుకుని పోయేవాళ్లు. నేను చూసేదాన్ని. చదువుకున్నాయన, జాగ్రత్త తెలిసినాయన అనుకునేదాన్ని. మా ఆయనకి కూడా ఆ జాగ్రత్త చెప్తున్నారనే అనుకున్నా."

బెంచీ మీద నుంచి వెంకటరత్నం, "ఆయన్నేమీ అనమాకే. నేనే ఒద్దన్నా," అన్నాడు.

"నువ్వు మాట్లాడమాకు," అంది ఆవిడ. అదొక్కటే గట్టిగా అంది.

ఆదివారం జెన్నీ దేవదూతగా నిలబడింది. తల మీద నా భార్య రూబీ మడిచి చేసిన కాగితం నక్షత్రం. తాతయ్య కిరీటం ఏదని అడిగితే తాతయ్యకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. అది తన మాటలన్నీ తప్పులేకుండా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పండగ వెళ్లాక కొండలరావు రేపల్లె నుంచి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"తాతల నాటి నుంచి చేత్తో కొట్టిన కిరీటం బావా. దానికి నిప్పు ముట్టించావు. ఊరుకుంటుందా?"

"తొందర పెట్టింది నువ్వే కదయ్యా," అన్నాడు వెంకటరత్నం.

"తొందర పెడితే? ఉన్న ఒక్క కన్నూ అందులో పెట్టమన్నానా?" అని, వెంటనే, "సగం చేసినవి ఉంటే ఇవ్వు. వేరేవాళ్లతో పొదిగించుకుంటా. ఈ నెలలో ఏడు ఆటలున్నాయి."

తిరుపతమ్మ రెండు కిరీటాలు తెచ్చి కొండలరావు ఒళ్లో పెట్టింది. బత్తాయిల సంచీ కూడా వాటి పక్కనే పెట్టింది. కొండలరావు సంచీ వదిలేసి వెళ్లాడు. ఆ తర్వాత ఫోన్లు రాలేదు. మిషన్‌ని ఎవరో బాపట్ల ఫొటో ఫ్రేముల ఆయన పట్టుకుపోయాడు. నేను ఆ ఫ్రేముల ఆయనకి మంచి కళ్లద్దాలు ఎక్కడ దొరుకుతాయో కాగితం మీద రాసిచ్చాను. ఎంత జాగ్రత్తగా రాశానో నాకే నవ్వొచ్చింది.

వెంకటరత్నం రెండు నెలలు చేత్తో తడుముతూ పూసలు పొదగాలని చూశాడు. పూసలు వరస తప్పేవి. తిరుపతమ్మ ఆయన పడుకున్నాక వాటిని ఊడదీసి మళ్లీ పెట్టేది. ఒకరోజు ఆయనకి తెలిసిపోయింది. ఆ రోజు నుంచి అట్ట ముట్టుకోలేదు.

మార్చిలో రేపల్లె నుంచి పిలుపు వచ్చింది. నాటక పోటీల మొదటి రోజు సాయంత్రం కళాకారుల సన్మానం, అందులో ఆయన పేరుంది. తిరుపతమ్మ రానంది. ఆయన నన్ను రమ్మన్నాడు. బస్సులో వెళ్లాం. దారి పొడవునా, సన్మానంలో నాలుగు మాటలు మాట్లాడమంటారేమో, ఏం చెప్పాలి అని అడుగుతూనే ఉన్నాడు. చెయ్యి ఆగిపోయినా కన్ను లేకపోయినా నేర్పగలనని, పిల్లలెవరైనా వస్తే అట్ట పని నేర్పిస్తానని చెప్పాలనుకున్నాడు. అదొక్కటే ఆయన అడగదలుచుకుంది. కొండలరావు అందరి ముందూ కాదనలేడని ఆయన నమ్మకం.

వేదిక మీద అయిదుగురిని కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. నల్ల ప్లాస్టిక్ మీద పేరు చెక్కిన జ్ఞాపిక ఇచ్చారు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని అంచు వెంట బొటనవేలు నడిపించడం కింద మొదటి వరసలో కూర్చున్న నాకు కనపడింది. కొండలరావు మైకు అందుకున్నాడు.

"నలభై ఏళ్లు ఎందరో రాజుల తల మీద కిరీటం పెట్టిన చెయ్యండీ ఇది. ఆయన తల మీద ఎవరైనా పెట్టారా? లేదు. ఇవాళ మనం పెడదాం!"

కిరీటం తెచ్చారు. చప్పట్లు మోగాయి. ఫొటోలు తీశారు. వెంకటరత్నం రెండు చేతులూ ఎత్తి తల మీద దాన్ని తడిమాడు. ముందు లతలు, పక్కన పూసలు, లోపలి అంచు. ఆయన మొహంలో సంతోషం కొంచెం కొంచెంగా తగ్గిపోవడం చూశాను. అది అట్ట కాదు. అచ్చు పోసిన ప్లాస్టిక్. పూసలు కూడా దానిలో భాగమే, విడిగా పొదిగినవి కావు.

మైకు ఆయన దాకా రాలేదు. మిగతా నలుగురికీ శాలువాలు అయ్యాయి. రంగుపూసుకున్న మనిషి ఒకడు తెరపక్క నుంచి వచ్చి ఆయన చెవి దగ్గర వంగాడు. నేను మెట్లెక్కి ఆయన్ని దింపడానికి పక్కకి వెళ్లాను కాబట్టి వినపడింది.

"పెద్దాయనా, కిరీటం ఇస్తారా? తెర తీస్తున్నారు. రాజు వేషానికి ఇదే."

"ఇదేనా?"

"ఇదొక్కటే ఉందండీ."

వెంకటరత్నం దాన్ని తీసి రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. ఇస్తూ, "లోపల గుడ్డ కుట్టలేదయ్యా," అన్నాడు. "ఈ అంచు నుదుటిని కోసేస్తుంది. చెమట పట్టాక ఇంకా కోస్తుంది. లోపల ఏదన్నా మెత్తటిది పెట్టుకోమని చెప్పు ఆ అబ్బాయికి."

"అలాగేనండి," అని వాడు పరిగెత్తాడు.

మేం బయటికి వచ్చేసరికి ఆట మొదలైంది. బస్టాండు అక్కడికి దగ్గరే. దారి పందిరి పక్కనుంచే. నేను వెనక్కి తిరిగి చూశాను. దీపాల కింద రాజు పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీస్తూ ఒక చేత్తో కిరీటాన్ని నుదుటి మీద నుంచి పైకి నెట్టుకుంటున్నాడు. పద్యం అయ్యేలోపు మూడుసార్లు నెట్టుకున్నాడు.

తెనాలి బస్సులో సీటు దొరికింది. వెంకటరత్నం శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. బస్సు ఊరు దాటాక అడిగాడు.

"వాడు చెప్పాడంటారా మాస్టారూ?"

"చెప్పే ఉంటాడు బాబాయ్," అన్నాను.

ఇప్పుడు ఆయన ఎవరినైనా చూడాలంటే మొహం పక్కకి తిప్పుకోవాలి. ఎదురుగా ఉన్నది కనపడదు, ఓరగా ఉన్నదే కనపడుతుంది. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకుని, చాలాసేపు నన్ను చూశాడు.